కుంకుడుకాయ: కాయ కొనాలా, పొడి కొనాలా, సీసా కొనాలా?

పచారీ కొట్లో ఓ మూల గోనెసంచిలో ఉండే కుంకుడుకాయ ఇప్పుడు మూడు వేషాల్లో దొరుకుతోంది. విడిగా తూచి ఇచ్చే ఎండుకాయలు ఒకటి, ప్యాకెట్లో పొడి ఇంకోటి, ‘సహజమైన లాండ్రీ లిక్విడ్’ అని రాసిన ప్లాస్టిక్ సీసా మూడోది. మొదటిదానికి అట్ట లేదు, బొమ్మ లేదు, ప్రకటన అసలే లేదు. మిగతా రెండింటి మీద ఆకులూ, భూగోళాలూ. పర్యావరణానికి కాస్త మేలు జరగాలనే కొంటున్నట్టయితే ఆ అట్ట లేని సరుకే కొనాలి. అది కూడా, ఇంట్లో డిటర్జెంట్ డబ్బా ఇక అక్కర్లేదన్న ఆశ పెట్టుకోకుండా. కొన్ని పనుల్లో కుంకుడు ముందు ఏ డిటర్జెంటూ నిలవదు, కొన్నింట్లో కుంకుడే చతికిలబడుతుంది. ఈ తేడా తెలియక అన్నిటికీ దాన్నే వాడి, తెల్ల చొక్కాలు మాసినట్టే ఉన్నాయని నెలకే వదిలేసేవాళ్లు చాలామంది.

మురికి వదిలించేది తొక్కలో ఉండే సాపోనిన్లు. వాటి అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. సబ్బు చేసే పనీ ఇదే. ఈ చెట్టు శాస్త్రీయనామం సాపిండస్‌లో ఉన్నది కూడా ‘ఇండియా సబ్బు’ అన్న అర్థమే. లిచీ పండుదీ ఈ కుటుంబమే, తొక్క తీశాక మిగిలే నల్లటి గింజ నునుపు చూస్తే పోలిక తెలుస్తుంది. సబ్బు బోరునీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడు రసం అలా కట్టదు, కాబట్టి ఉప్పునీళ్ల ఊళ్లలో ఇది అదనపు లాభం.

మామూలు డిటర్జెంట్లలో నురగ తెప్పించే ముఖ్యమైన రసాయనం పెట్రోలియం నుంచి వస్తుంది. శుద్ధి చేయని మురుగుతో పాటు అలాంటివన్నీ చెరువులో చేరితే ఏమవుతుందో బెంగళూరు బెల్లందూరు చెరువు నురగ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కుంకుడు రసాన్ని సూక్ష్మజీవులు తొందరగా తినేస్తాయి. దానికి పరిశోధన పత్రాలు చూడనక్కర్లేదు, బయట పెట్టిన రసం రెండో రోజుకే పులిసి వాసన కొట్టడమే రుజువు. అలాగని అది ఎవరికీ హాని చేయనిదని కాదు. సాపోనిన్లు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. తామరతొట్టెలో గప్పీ చేపలు పెంచేవాళ్లు చిక్కటి రసం దానిలో ఒలకకుండా చూసుకోవాలి.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది రకం. మన దక్షిణాది కుంకుడు మూడు చిన్న కాయలు అతుక్కున్నట్టు పుడుతుంది. ఎండాక విడిపోతే ఒక్కో ముక్కకు ఒక పక్క చదునైన మచ్చ కనిపిస్తుంది. హిమాలయాల దిగువ నుంచి వచ్చే రీఠా పెద్దది, గుండ్రంగా, ఒంటరిగా ఉంటుంది. రెండూ పనిచేస్తాయి, కొలతల్లోనే తేడా. అందుకే కాయలు లెక్కపెట్టడం కన్నా తొక్క తూచుకోవడం మంచిది. ‘ఐదారు కాయలు వేయండి’ అని చదివి మన చిన్న కాయలు ఐదారు వేస్తే నీళ్లు రంగు మారతాయి గానీ మురికి వదలదు.

మంచి సరుకు ముదురు గోధుమ రంగులో, ముడతలు పడి, వేలితో నొక్కితే కాస్త జిగటగా తగులుతుంది. ఊపితే లోపల గింజ కదిలిన చప్పుడు రావాలి. పొట్టు రాలుతూ పెళుసుగా ఉన్నది పాతది. బూడిదరంగు మచ్చలుంటే బూజు పట్టిందని అర్థం, అది వద్దు. కొత్త కాయ వేసవి మొదట్లో వస్తుంది, ఏడాదికి సరిపడా అప్పుడే తీసుకోవచ్చు. తొక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండు రోజులు ఎండబెట్టి, గింజ తీసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోయాలి. గోనెసంచిలోనే వదిలేస్తే శ్రావణ మాసానికి ముద్ద కడుతుంది. అడవి నుంచి సేకరించినవారికి నాలుగు డబ్బులు చేరాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణాలు చూడండి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో మొదలైన ఈ జీసీసీ, ఏజెన్సీ ప్రాంతాల్లో చింతపండు, తేనెతో పాటు కుంకుడుకాయలూ కొంటుంది.

తూకంలో ఒక మెలిక ఉంది. కిలో కాయ కొంటే సగానికి కొంచెం ఎక్కువే తొక్క వస్తుంది, మిగతా బరువంతా గింజ. గింజ నురగ ఇవ్వదు. గింజ తీసిన తొక్కను విడిగా అమ్మేచోట కిలో ధర కాయ ధరకు రెట్టింపు దాకా ఉన్నా మోసమేమీ కాదు.

ఇక రసం తీయడం. 100 గ్రాముల తొక్క ఒక లీటరు నీళ్లలో రాత్రంతా నాననివ్వాలి. పొద్దునకు తొక్క ఉబ్బి, తోలులా మెత్తబడి, నీళ్లు పలచటి టీ రంగుకు వస్తాయి. దాన్నే పెద్ద గిన్నెలో సన్నటి సెగ మీద 10 నిమిషాలు కాచాలి. గిన్నె సగానికి మించి నిండకూడదు. పొంగు ఒక్కసారిగా వస్తుంది, పాలలాగా ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు. పొయ్యి మీదకు పొంగిన కుంకుడు రసం ఎండితే బర్నరు రంధ్రాల్లో జిగురులా పట్టేస్తుంది. చల్లారాక చేత్తో బాగా పిసకాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. రసమంతా తొక్క లోపలి గుజ్జులో ఉంటుంది, పిసకకుండా వడగడితే సగం పిప్పిలోనే ఉండిపోతుంది. పలచని పాత పంచె గుడ్డలో వడగట్టి, ఆ పిప్పిలో మరో అరలీటరు నీళ్లు పోసి ఇంకో 5 నిమిషాలు కాచి, మళ్లీ పిసికి, రెండు రసాలూ కలిపేయాలి. దాదాపు 1.2 లీటర్లు వస్తుంది. చెంచాడు రసం సగం నీళ్లున్న సీసాలో వేసి పదిసార్లు కుదిపితే సన్నటి నురగ లేచి, పది నిమిషాలైనా కూలకుండా నిలవాలి. నిలవలేదంటే కాయ పాతదైనా అయుండాలి, సరిగ్గా పిసకకపోయైనా ఉండాలి.

నానబెట్టకుండా నేరుగా కాచినా రసం వస్తుంది, కానీ అరగంట గ్యాసు ఖర్చవుతుంది. పచ్చదనం కోసం డిటర్జెంటు మాని సిలిండరు కాల్చడంలో అర్థం లేదు. రాత్రి నానబెడితే ఆ ఖర్చు సగానికి దిగుతుంది. మండు వేసవిలో అయితే గాజు సీసాలో పోసి మేడ మీద ఎండలో పెడితే పొయ్యితో పనే లేదు. ప్రెషర్ కుక్కర్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. నురగ వెయిట్ రంధ్రంలోకి ఎక్కి మూసేసే ప్రమాదముంది. మిక్సీలో నీళ్లు పోసి తిప్పితే నురగ మూతను లేపేస్తుంది. తొక్కలను పొడిగానే తిప్పాలి, తిప్పాక పొడి అణిగేదాకా మూత తీయకూడదు, తీస్తే తుమ్ములే తుమ్ములు.

బయట రసం రెండు రోజులకు మించి నిలవదు, వేసవిలో ఒక్కరోజే. ఫ్రిజ్‌లో వారం, పది రోజులు. నిమ్మరసం పిండితే నెలలు ఉంటుందని చెబుతారు గానీ, మహా అయితే రెండు రోజులు కలిసొస్తాయి. నిల్వకు సరైన పద్ధతి ఐస్ ట్రే. గడ్డకట్టించి డబ్బాలో వేసుకుంటే బట్టలు ఉతికిన రోజు నాలుగైదు ముక్కలు తీసుకోవచ్చు. ఫ్రిజ్‌లో సీసాకు పేరు రాసి అంటించడం మరవొద్దు. చూడ్డానికి అచ్చం చింతపండు పులుసే.

మెషీన్లో వాడకానికి కొలత: 6 కిలోల మెషీన్, మరీ మాసిపోని రంగు బట్టలు, 100 మిల్లీలీటర్లు. నీళ్లు ఎక్కువ తీసుకునే టాప్ లోడ్ అయితే 150. నురగ పెద్దగా కనిపించదు, కనిపించలేదని ఇంకా పోయొద్దు. తొక్కలనే చిన్న నూలు సంచిలో కట్టి డ్రమ్ములో వేయమని కొందరు చెబుతారు. వేణ్ణీళ్ల వాష్‌లో ఇది పనిచేస్తుంది, చన్నీళ్లలో అరగంటకు సాపోనిన్లు సరిగ్గా దిగవు. మన ఇళ్లలో ఎక్కువ భాగం ఉతికేది చన్నీళ్లతోనే కాబట్టి రసమే నయం. సంచి ముడి ఊడితే ముక్కలు తెల్లబట్టల మధ్య నలిగి గోధుమరంగు మచ్చలు వేస్తాయి, అది వేరే తలనొప్పి.

ఇప్పుడు చతికిలబడే చోట్లు చూద్దాం. చొక్కా కాలరు మీద పేరుకున్న జిడ్డు, ఆవకాయ నూనె, రక్తం, పిల్లల యూనిఫాం మోకాళ్ల దగ్గరి మట్టి: వీటికి కుంకుడు చాలదు. డిటర్జెంట్లలో చాలావాటికి మాంసకృత్తులనూ కొవ్వునూ కొరికే ఎంజైములు కలుపుతారు, కుంకుడులో అవి లేవు. తెలుపు మెరిసేలా చూపించే ఆప్టికల్ బ్రైటెనర్లు కూడా లేవు. దాంతో నాలుగైదు ఉతుకుల తర్వాత తెల్ల పంచె గోధుమ ఛాయకు తిరుగుతుంది. చివరి జాడింపులో నీలిమందు చుక్కలు వేస్తే కొంత సర్దుకుంటుంది, కానీ తెల్లబట్టలకూ వంటింటి గుడ్డలకూ డిటర్జెంటే ఉంచుకోవడం తెలివైన పని. అట్ట మీద చెప్పిన కొలతకు మించకుండా వాడితే చాలు. కప్పు నిండా పోసే అలవాటు మానుకోవడం కూడా కుంకుడు కొన్నంత పనే.

పసుపు మరక విషయం వేరు, కాస్త ఆగి చూడాలి. సాంబారు పడ్డ చోట డిటర్జెంటు రాస్తే మరక ఒక్కసారిగా ఎర్రబడటం అందరూ చూసిందే. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, డిటర్జెంటులోని క్షారం కూడా పసుపును ఎర్రగా మారుస్తుంది. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లగుణం కలది, అందుకే దానితో ఉతికితే ఎర్రబడదు. అయితే పూర్తిగా పోనూ పోదు, లేత పసుపుగా మిగులుతుంది. తడిగా ఉండగానే ఎండలో ఆరేయాలి. పసుపు రంగు వెలుగుకు తట్టుకోలేదు, ఒకటి రెండు ఎండలకు వెలిసిపోతుంది. మరక పోగొట్టే ప్రత్యేక ద్రావకాల సీసా ఇక్కడ దండగ.

కుంకుడు అసలు సత్తా పట్టు దగ్గర తెలుస్తుంది. పట్టూ, ఉన్నీ మాంసకృత్తులతో అయిన దారాలు. క్షారం తగిలితే పెళుసెక్కి, మెరుపు పోతుంది. అందుకని చీర డ్రైక్లీనింగ్‌కు వేస్తాం, అక్కడ పెట్రోలియం ద్రావకాలో, పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ రసాయనాలో వాడతారు. కట్టిన ప్రతిసారీ చీరను దానికి పంపనక్కర్లేదు. ముందు రంగు పరీక్ష చేయాలి: కుచ్చిళ్ల లోపలి అంచున తడి తెల్లగుడ్డ ఒత్తి నిమిషం ఉంచి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ చీర ఇంట్లో ఉతకొద్దు. కొంగూ అంచూ ముదురు రంగులో, ఒళ్లు లేత రంగులో ఉన్న గద్వాల, ధర్మవరం చీరలకు ఈ పరీక్ష తప్పనిసరి. అంటకపోతే బకెట్ చన్నీళ్లలో 50 మిల్లీలీటర్ల రసం కలిపి, చీర ముంచి, అదిమి తీస్తూ 5 నిమిషాలు. రుద్దకూడదు, బ్రష్షు అసలు తగలకూడదు, జరీ నలుగుతుంది. రెండుసార్లు మంచినీళ్లలో జాడించి, పిండకుండా పాత తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో తిరగేసి ఆరేయాలి. లేత గంధం రంగు, తెలుపు పట్టులకు ఈ కొలతలో సగమే వేసి, రసం రెండోసారి వడగట్టి వాడాలి, లేకుంటే గోధుమ జీర పడుతుంది. అంత కొలత చాలు, ఎక్కువ వేస్తే జాడించడమే కష్టం.

నగలకూ ఇదే మంచిది, కంసాలులు వాడిందీ ఇదే. గోరువెచ్చటి పలచని రసంలో బంగారు గొలుసు పావుగంట నానబెట్టి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో తోమితే సందుల్లోని పసుపూ, చెమట మురికీ వదులుతాయి. కడిగేటప్పుడు కింద టీ జల్లెడ పెట్టుకోండి, వదులైన రాయి ఊడితే తూములోకి పోకుండా. లోపల లక్క నింపిన కుందన్ నగలను మాత్రం నానబెట్టొద్దు. ఇత్తడి దీపపు కుందులకు చింతపండు నల్లదనం తీస్తే, కుంకుడు నూనె జిడ్డు తీస్తుంది.

తలంటు గురించి చెప్పడానికి కొత్తేమీ లేదు. నూనె పెట్టిన జుట్టుకే వాడాలి, పొడిజుట్టుకు వాడితే గడ్డిలా అవుతుంది. గంజి కలిపితే ఆ గరుకుదనం తగ్గుతుంది. కంట్లో పడితే ఉప్పుగల్లు నోట్లో వేసుకోమనే పెద్దల మాట పిల్లల ఏడుపు మాన్పించడానికి పనికొస్తుందేమో గానీ, మంట తగ్గించేది ధారాళంగా చన్నీళ్లు కొట్టుకోవడమే.

పొడి ప్యాకెట్ల మీద నమ్మకం తక్కువ. గింజతో సహా ఆడించారా, తొక్క మాత్రమేనా అన్నది కంటికి తెలియదు. కొన్నాక ఇంట్లో చూసుకునే దారి ఒకటుంది. చెంచా పొడి గ్లాసు నీళ్లలో వేసి గంట ఆగితే ఇసకా, గింజ పలుకులూ అడుగుకు చేరతాయి. దాన్ని నేరుగా మెషీన్లో వేస్తే జేబుల్లోనూ కుట్టుల్లోనూ గోధుమ మడ్డి మిగులుతుంది, తలకు రాస్తే మూడు చెంబులకు గానీ పోదు. నానబెట్టి వడగట్టే వాడాలి. వడగట్టేదే అయితే కాయకూ దీనికీ మిగిలే తేడా పావుగంట సమయమే. పట్నంలో ఉద్యోగానికి పరిగెత్తేవాళ్లకు ఆ పావుగంట విలువైనదే, కాదనలేం.

సీసా ద్రవానికి మాత్రం సిఫారసు లేదు. దానిలో అత్యధిక భాగం నీళ్లు. ఆ నీళ్లను ప్లాస్టిక్‌లో నింపి, వందల కిలోమీటర్లు లారీలో తెచ్చి, ఇంటికి ఇంకో అట్టపెట్టెలో పంపుతారు. పైగా ఒక చిక్కుప్రశ్న ఉంది: వట్టి కుంకుడు రసం బయట రెండు రోజులు నిలవనప్పుడు ఈ సీసా ఏడాది ఎలా నిలుస్తోంది? నిల్వ రసాయనం కలిపి ఉండాలి, లేదా దానిలో కుంకుడు నామమాత్రమే ఉండాలి. కలపడం నేరమేమీ కాదు, ఏం కలిపారో అట్ట మీద రాస్తే చాలు. పదార్థాల పట్టికలో సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్ అనే నురగ రసాయనాలు ముందు వరసలో ఉండి కుంకుడు చివర కనిపిస్తే అది మామూలు డిటర్జెంటే, పేరే వేరు. పట్టికే లేకపోతే కొనొద్దు.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. కిలో కాయ నుంచి 550 గ్రాముల దాకా తొక్క, దాని నుంచి ఆరు లీటర్లకు పైగా రసం, అంటే 100 మిల్లీలీటర్ల చొప్పున అరవై ఉతుకులు. మీ ఊళ్లో కిలో ధరను అరవైతో భాగించి, మీరు వాడే లిక్విడ్ ఒక్క ఉతుక్కు ఎంత పడుతోందో పక్కన రాసి చూడండి. గ్యాసూ, మీ సమయమూ ఆ లెక్కలో కలపడం మరవొద్దు. వాసన కూడా లెక్కే: దీనితో ఉతికిన బట్టకు ఆరాక ఏ వాసనా ఉండదు. సెంటు వాసనే శుభ్రం అనుకునే ముక్కుకు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది.

ఉతికిన నీళ్లను అరటికీ, కరివేపాకుకూ మళ్లించవచ్చు. డిటర్జెంటు నీళ్లలోని సోడియం మట్టిని చౌడు చేసినట్టు ఇది చేయదు. మిద్దెతోట పెంచేవాళ్లు పిండినల్లికి లీటరు నీళ్లలో 50 మిల్లీలీటర్ల రసం కలిపి సాయంత్రం పూట కొడతారు. 5 మిల్లీలీటర్ల వేపనూనె కూడా వేస్తే, నూనె విడిపోకుండా నీళ్లలో కలిపి ఉంచేదీ కుంకుడు రసమే. ముందు ఒక ఆకు మీద కొట్టి మర్నాడు చూడాలి, లేత చిగుళ్లు మాడే అవకాశముంది. రెండుసార్లు కాచిన పిప్పి సింకు తోమడానికి ఒకసారి పనికొస్తుంది, ఆ తర్వాత కంపోస్టు తొట్టెలోకి. గింజ పెంకు బాగా గట్టిది. నాటాలనుకుంటే ఒక పక్క గరుకు రాతి మీద కొంచెం అరగదీసి, రోజంతా నీళ్లలో నానబెట్టి నాటాలి. కుండీలో పెట్టొద్దు, అది పెద్ద చెట్టు, కాపుకు ఏళ్లు పడుతుంది.